రింగ్ ఫ్లాషా, అంబ్రెల్లానా: పోర్ట్రెయిట్‌కు లైటు కొనే ముందు

లగ్గాల సీజన్ దగ్గర పడుతుందంటే చాలు, హన్మకొండలో నాకొచ్చే ఫోన్లలో సగం ఒక్కటే ప్రశ్న. "అన్నా, రింగ్ తీసుకుందామనుకుంటున్న. మంచిదేనా?" ఏ రింగ్ తమ్మీ అని అడిగితే అవతల కాసేపు చప్పుడుండదు. "అదే అన్నా, కంట్ల గుండ్రంగ తెల్లగ వస్తది గదా, అది."

చిక్కంతా అక్కడే ఉంది. కంట్లో ఆ తెల్లటి గుండ్రం వేర్వేరు సామాన్లతో వస్తుంది. అన్నింటినీ రింగ్ అనే అంటాం. వాటిలో ఒకటి పోర్ట్రెయిట్‌కు దాదాపు పనికిరాదు. నాతో పనిచేసిన ఒక పిలగాడు మొదటి సీజన్‌లో మిగిల్చిన పైసలన్నీ పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది సరిగ్గా అదే. డబ్బా విప్పేసరికి అరచేతిలో పట్టేంత రింగు. "చిన్నగ ఉంటె మోసుడు అల్కగుంటది గదన్నా" అన్నాడు పాపం. వారం తర్వాత ఒక హాఫ్ శారీ ఫంక్షన్‌లో దాని సంగతి తెలిసింది. ఎందుకో కింద చెప్తాను.

ధర కన్నా ముందు చూసుకోవాల్సినవి

అందరూ మొదట ధర అడుగుతారు. నేను దాన్ని చివరికి నెడతాను. మొదట చూసుకోవాల్సింది దూరం. మీరు తీసే మనిషి మీకు ఎన్ని అడుగుల్లో ఉంటాడు? రింగ్ ఏదైనా దగ్గరి పనికే పుట్టింది. లైటు నుంచి 1 మీటరు దూరంలో పడే వెలుగు 2 మీటర్లకు పోయేసరికి నాలుగోవంతు అవుతుంది, 3 మీటర్లకు తొమ్మిదోవంతు. లెక్క అన్ని లైట్లకూ ఒకటే. కానీ అంబ్రెల్లాను, అంటే ఫ్లాష్ వెలుగును మెత్తగా పరిచే గొడుగును, స్టాండు మీద మనిషి దగ్గరికి జరిపి మీరు వెనక్కి పోవచ్చు. రింగ్ లెన్స్‌కే చుట్టుకొని ఉంటుంది కాబట్టి మీరు వెనక్కి పోతే అదీ వెనక్కే వస్తుంది.

రెండోది వెనక గోడ. ఎంత దూరంలో ఉంది, నున్నగా ఉందా, మెరుస్తుందా?

మూడోది ముఖమూ బట్టలూ. చెమట పట్టే ముఖమా, పౌడర్ అద్దిన ముఖమా, ముడతలు దాచాలా, చూపాలా, జరీ మెరవాలా అన్నది.

నాలుగోది స్టాండు పెట్టే జాగా. మండపం దగ్గర మేనమామలు, మరదళ్లు, పూజారి, వీడియో వాళ్లు అందరూ కలిసి నిలబడే చోట స్టాండు పెట్టడమంటే ఎవరో ఒకరు తన్నడానికి పెట్టినట్టే. ఇక వీడియో కూడా కావాలా వద్దా అన్నది ఐదోది. దానికి జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే, ఎందుకంటే ఫ్లాష్‌తో వీడియో రాదు.

ఎల్‌ఈడీ రింగ్ లైట్

స్టాండు మీద నిలబెట్టి మధ్యలో ఫోన్ పెట్టుకునేది. 10 అంగుళాల నుంచి 18 అంగుళాల దాకా దొరుకుతుంది. బ్యూటీ పార్లర్లలో, మెహందీ వేసే అమ్మాయిల దగ్గర, రీల్స్ చేసేవాళ్ల ఇళ్లల్లో కనిపించేది ఇదే. వెలుగు ఆగకుండా ఉంటుంది కాబట్టి నీడ ఎక్కడ పడుతుందో ఫోటో తీయకముందే కనిపిస్తుంది. ఇంకో లాభం చాలామందికి తోచదు. కంటికి వెలుగు తగులుతూ ఉండటంతో కనుపాప చిన్నదవుతుంది, దాని చుట్టూ ఉన్న గోధుమ రంగు బాగా కనబడుతుంది. కాటుక పెట్టిన కళ్లకు ఇది అందం.

నష్టం బలం దగ్గరే. రెండు మూడు అడుగుల్లో కూర్చోబెడితేనే పని జరుగుతుంది. అక్కడికీ ఐఎస్‌ఓ (వెలుగును పట్టే కెమెరా సున్నితత్వం) పెంచక తప్పదు. చిన్నపిల్లలు కదిలితే ఫోటో కదిలిపోతుంది. పెద్దవాళ్లు ఐదు నిమిషాలకే కళ్లు చికిలిస్తారు. చవక లైట్లలో వెలుగు తగ్గించినప్పుడు మిణుకు మొదలవుతుంది, ఫోటోలో అడ్డచారలు పడతాయి. కొనేటప్పుడు వెలుగును సగానికి తగ్గించి, ఫోన్ కెమెరాలో చూసి, చారలు లేవని తేల్చుకున్నాకే పైసలివ్వండి. సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె, పూర్తి మార్కులు 100) 95 అయినా ఉండాలి. అది తక్కువైతే మన చామనఛాయ ముఖాలు బూడిద పూసినట్టు వస్తాయి.

మాక్రో రింగ్ ఫ్లాష్

మా పిలగాడు కొన్నది ఇది. మాక్రో అంటే చిన్న వస్తువులను అతి దగ్గరగా తీయడం. రింగ్ ఫ్లాష్ పుట్టిందే ఈ పనికి. 1952లో లెస్టర్ డైన్ అనే అమెరికన్ దంతాల ఫోటోల కోసం దీన్ని తయారుచేశాడు. నోట్లోకి పక్క నుంచి లైటు వేస్తే చెంప నీడ పడుతుంది, లెన్స్ చుట్టూ వేస్తే పడదు. ఆ తర్వాతెప్పుడో ఫ్యాషన్ వాళ్ల చేతికి చిక్కి, పెద్దదై, ముఖాల మీదికి వచ్చింది.

పురుగులు, పూలు, నగలు, దంతాలు: వీటికి ఇంతకన్నా మంచిది లేదు. ముఖానికి ఎందుకు చాలదో ఒక్క లెక్కతో తెలుస్తుంది. కెనాన్ ఎంఆర్-14ఈఎక్స్ లాంటి పేరున్న మాక్రో రింగ్ గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం కొలత; దూరంతో భాగిస్తే లెన్స్ ఎఫ్ అంకె వస్తుంది) 14. అంటే ఐఎస్‌ఓ 100 దగ్గర, మనిషి 2 మీటర్లలో ఉంటే, పూర్తి బలంతో కొట్టినా ఎఫ్/7 దాకానే. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదై ఎక్కువ వెలుగు కావాలి. మిట్టమధ్యాహ్నం ఎండకు ఐఎస్‌ఓ 100, సెకనులో 100వ వంతు షట్టర్‌కు ఎఫ్/16 కావాలి. ఎండ వెలుగులో ఇది ఐదోవంతు కూడా కాదు. ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణం ముందు ప్రీవెడ్డింగ్‌కు దీన్ని పట్టుకపోతే మెడకు బరువు తప్ప మిగిలేదేమీ ఉండదు.

హాలు లోపలైనా అంతే. రింగు చిన్నది కాబట్టి 2 మీటర్లకు పోయేసరికి గుండ్రం లక్షణమే పోతుంది, మామూలు చిన్న ఫ్లాష్ ముఖం మీద కొట్టినట్టే ఉంటుంది. పైగా లైటు లెన్స్‌కు ఆనుకొని ఉంటుంది. మసక హాల్లో కనుపాపలు విచ్చుకొని ఉంటాయి. ఇంకేముంది, కళ్లు ఎర్రగా వచ్చాయి. ఆ హాఫ్ శారీ అమ్మాయి ఆల్బమ్‌లో 60 ఫోటోలకు ఎరుపు తీస్తూ మేమిద్దరం ఒక రాత్రి కూర్చున్నాం. పంటి డాక్టరో, నగల దుకాణానికి ఫోటోలు తీసేవాళ్లో అయితే నిశ్చింతగా కొనుక్కోండి. మిగతావాళ్లు ఈ భాగం దాటిపోవచ్చు.

స్పీడ్‌లైట్‌కు తొడిగే రింగ్ అడాప్టర్

ఉన్న స్పీడ్‌లైట్ (కెమెరా నెత్తిన పెట్టే చిన్న ఫ్లాష్) మీద ప్లాస్టిక్ గొట్టంలా తొడిగితే వెలుగు చుట్టూ తిరిగి లెన్స్ చుట్టూ బయటికొస్తుంది. ఆర్బిస్, రే ఫ్లాష్ అనే పేర్లతో వచ్చినవి ఈ కోవకు చెందినవే. చవక నకళ్లు బోలెడు. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, టీటీఎల్ (కెమెరా తానే ఫ్లాష్ బలం లెక్కగట్టుకోవడం) మామూలుగానే పనిచేస్తుంది. రింగ్ రుచి చూడాలనుకునేవాళ్లకు ఇదే తక్కువ ఖర్చు దారి.

కానీ గొట్టంలో తిరిగేసరికి ఒకటి రెండు స్టాపుల వెలుగు పోతుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). ఫ్లాష్ పైన ఉంటుంది కాబట్టి చవక వాటిలో రింగు పైభాగం తెల్లగా, కిందిభాగం మసకగా వెలుగుతుంది. గవ్వలాంటి సగం గుండ్రమే కంట్లో కనబడుతుంది. 50 ఎంఎం, 85 ఎంఎం లెన్స్‌లు బాగానే దూరతాయి, లావు 70-200 దూరకపోవచ్చు. ఫ్లాష్ తల గుండ్రంగా ఉండే గోడాక్స్ వీ1 లాంటివాటికి మామూలు అడాప్టర్ కుదరదు. కొనే ముందు మీ ఫ్లాష్‌నూ మీ లెన్స్‌నూ వెంట పట్టుకెళ్లండి.

అసలు రింగ్ ఫ్లాష్

పెద్ద ట్యూబు, బలమైన బ్యాటరీ. ప్రోఫోటో, ఎలింక్రోమ్ లాంటివి స్టూడియో ప్యాక్‌లకు చేశాయి. మన బడ్జెట్‌కు దగ్గరగా గోడాక్స్ ఏఆర్400 ఉంది, పేరులో ఉన్నట్టే 400 వాట్ సెకన్లది. గోడాక్స్‌దే ఏడీ200 అనే బ్యాటరీ ఫ్లాష్ ఉన్నవాళ్లకు దానికే కలిపే ఆర్200 రింగ్ తల కూడా దొరుకుతుంది.

దీని వెలుగు తీరు తెలియక కొనేవాళ్లే ఎక్కువ, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. లైటు మీ చూపు వెంటే పోతుంది కాబట్టి నీడ మనిషి వెనక దాక్కుంటుంది. ముక్కు కింద, గదమ కింద నీడ దాదాపు ఉండదు. ముడతల్లోకి కూడా వెలుగు దిగుతుంది, ముఖం ఇస్త్రీ చేసినట్టు నున్నగా అవుతుంది. అయితే చెంపలు పక్కకు తిరిగే చోట వెలుగు ఏటవాలుగా తగలడంతో అంచు కొంచెం ముదురుతుంది. పెన్సిల్‌తో గీసినట్టు ముఖానికి ఒక సన్నని గీత వస్తుంది. ఫ్యాషన్ వాళ్లు దీని వెంట పడింది ఆ గీత కోసమే, కంట్లోని గుండ్రం కోసం కాదు.

గోడకు ఒక అడుగు దూరంలో నిలబెడితే మనిషి చుట్టూ నల్లటి నీడ పట్టీ పడుతుంది. కొందరికి అది స్టైల్. మా కాకతో అంటే "గోడకు మసి పట్టిందా బిడ్డా?" అంటాడు. మనిషి 1 మీటరు దూరంలో ఉండి, గోడ అతని వెనక ఇంకో మీటరు దూరంలో ఉంటే గోడకు నాలుగోవంతు వెలుగే పోతుంది, తెల్లసున్నం బూడిద రంగవుతుంది. ఇంకో మీటరు జరిగితే తొమ్మిదోవంతు. గది మారకుండానే మూడు రకాల బ్యాక్‌గ్రౌండ్లు. రింగ్‌తో నాకు బాగా నచ్చేది ఇదే.

ఇక మెరుపు. లెన్స్ వైపు తిరిగి ఉన్న మెరిసే వస్తువేదైనా వెలుగును నేరుగా కెమెరాకే తిప్పి పంపుతుంది. జరీ అంచుకు, వడ్డాణానికి, పాపిటబిళ్లకు అది వరం. చెమట పట్టిన నుదుటికి శాపం. మే నెలలో ఓరుగల్లు ఎండకు ఏసీ లేని హాల్లో రింగ్ వాడాలంటే పక్కన టిష్యూలు, పౌడర్ పట్టుకొని ఒకరుండాలి. పసుపు పూసే ఫంక్షన్‌కు నేను దీన్ని బయటికే తీయను. తడి పసుపు ముఖం రింగ్ కింద రేకు డబ్బాలా మెరుస్తుంది. కళ్లద్దాలవాళ్లకు రెండు అద్దాల్లోనూ రెండు సున్నాలు. గదమ కొంచెం దించమని, ముఖం కొంచెం తిప్పమని చెప్తే సున్నా పక్కకు పోతుంది, కానీ అన్నిసార్లూ కాదు.

మెరిసే వెనకగోడలదీ ఇదే కథ. మన దగ్గర కొత్త ఫంక్షన్ హాళ్ల గోడలకు కరీంనగర్ గ్రానైట్ పలకలు నిగనిగలాడేలా వేస్తున్నారు. పెండ్లిపిల్ల తల పక్కనే ఆ రాతిలో తెల్లటి గుండ్రం వెలుగుతుంది. వేయి స్తంభాల గుడి నల్లరాతి స్తంభాల నునుపు ముందూ అంతే. అక్కడ గానీ, రామప్పలో గానీ పురావస్తు శాఖ అనుమతి లేకుండా లైట్లు, స్టాండ్లతో తీయబోయి మాటలు పడొద్దు.

ఇది వంద శాతం గెలిచే చోటు ఒకటుంది. సద్దుల బతుకమ్మ రాత్రి పద్మాక్షి గుట్ట కింద. ఒకచోట నిలబడి స్టాండు పెట్టే వీలే ఉండదు, జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉంటారు. రింగ్ పట్టుకొని ఒక అమ్మ ముందు మీటరున్నర దూరంలో నిలబడితే చేతిలోని బతుకమ్మలో తంగేడు, గునుగు, బంతి ఒక్కో రెక్క విడివిడిగా కనిపిస్తుంది. పూల వరుసల మధ్య నీడలు పడవు. షట్టర్‌ను సెకనులో 15వ వంతుకు దించితే వెనక లైట్లు కూడా ఫోటోలోకి వస్తాయి. అదే స్పీడ్‌లైట్‌ను ముఖం మీద కొడితే బతుకమ్మ నీడ ఆమె మెడ మీద నల్లగా పడుతుంది.

రెండో గెలుపు ఎవరూ చెప్పనిది: రింగ్‌ను అసలు లైటుగా కాకుండా ఆసరా లైటుగా వాడటం. పక్క నుంచి సాఫ్ట్‌బాక్స్ (ముందు తెల్లగుడ్డ కట్టిన, వెలుగును మెత్తబరిచే డబ్బా) పెట్టి, రింగ్‌ను దానికన్నా ఒకటిన్నర, రెండు స్టాపులు తక్కువకు దించితే, సాఫ్ట్‌బాక్స్ నీడలు పోకుండా లోపల వివరం కనబడుతుంది. ఇంకో పక్క మరో లైటు పెడితే ముక్కుకు రెండు నీడలు పడే ప్రమాదముంది. రింగ్‌తో రెండో నీడే పుట్టదు. నా రింగ్ ఇప్పుడు పది పనుల్లో ఏడింటికి ఇలాగే వాడుతున్నాను.

స్పీడ్‌లైట్‌తో అంబ్రెల్లా, లేదా సాఫ్ట్‌బాక్స్

నిజం చెప్పాలంటే ఇది కొత్తవాళ్లకు పెద్దగా ఆకర్షణ లేని సామాను. రీల్స్‌లో కనబడదు. కానీ ముఖానికి ముక్కు ఉందని, చెంపకు గుంట ఉందని చూపేది ఇదే. 95 సెంటీమీటర్ల ఆక్టా, అంటే ఎనిమిది మూలల, సాఫ్ట్‌బాక్స్‌ను మనిషికి మీటరు దూరంలో, కంటికి కొంచెం పైన, 45 డిగ్రీలు పక్కకు పెట్టి చూడండి. నీడ మెత్తగా జారుతుంది. రైతుల ముఖాలు, తాతల మీసాలు, నేతన్నల చేతులు దీనితో తీసినట్టు రింగ్‌తో రావు. రింగ్ ముడతలు మింగేస్తుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద కూర్చున్న ముసలాయన ముఖంలో ఆ గీతలు పోతే ఇంక ఫోటో ఎందుకు?

అంబ్రెల్లా ఇంకా చవక, ఇంకా తొందర. కానీ వెలుగు నలువైపులా చిమ్ముతుంది. ఊళ్లల్లో అర్రల గోడలకు ఆకుపచ్చో, నీలమో వేసి ఉంటే ఆ రంగు ముఖం మీదికి వస్తుంది. సీలింగ్‌కు బౌన్స్ కొట్టినా ఇదే సమస్య. అలాంటి ఇంట్లో సాఫ్ట్‌బాక్సే నయం. భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం గాలికి రెండూ పడవ తెరచాపలే, ఇసుక సంచి లేకపోతే స్టాండుతో సహా కింద పడతాయి. పట్టుకునే మనిషి ఒకడు కావాలి, ఆ కూలీ కూడా ధరలో కలపండి.

కిటికీ, థర్మాకోల్ అట్ట

నవ్వొద్దు. ఉత్తరం వైపు కిటికీ, అవతలి చెంప వైపు తెల్ల థర్మాకోల్ అట్ట. ఖర్చు లేనట్టే. సూర్యుడు పోతే పోతుంది, అంతే. సీమంతం ఫోటోలు నేను ఇప్పటికీ వీలైతే ఇలాగే తీస్తాను.

| సామాను | బాగుండే దూరం | ముడతలు | మెరుపు | స్టాండు, మనిషి | వీడియో |
|---|---|---|---|---|---|
| ఎల్‌ఈడీ రింగ్ లైట్ | 2-3 అడుగులు | తగ్గిస్తుంది | మధ్యస్తం | స్టాండు కావాలి | అవును |
| మాక్రో రింగ్ ఫ్లాష్ | ముఖానికి వద్దు | | | అక్కర్లేదు | కాదు |
| రింగ్ అడాప్టర్ | 1-1.5 మీటర్లు | తగ్గిస్తుంది | ఎక్కువ | అక్కర్లేదు | కాదు |
| అసలు రింగ్ ఫ్లాష్ | 1-2 మీటర్లు | మింగేస్తుంది | చాలా ఎక్కువ | అక్కర్లేదు, చేతులకు బరువు | కాదు |
| ఆక్టా, అంబ్రెల్లా | లైటు మనిషికి మీటరు దూరం, మీరెక్కడైనా | చూపిస్తుంది | మీ చేతిలో ఉంటుంది | రెండూ కావాలి | కాదు |
| కిటికీ, అట్ట | కిటికీ పక్కనే | మెత్తగా చూపిస్తుంది | తక్కువ | అట్ట పట్టుకునేవాళ్లు | అవును |

ధరలు రాయలేదు, నెలనెలా మారతాయి. వరుస మాత్రం మారదు: కిటికీ, అంబ్రెల్లా, అడాప్టర్, ఎల్‌ఈడీ రింగ్, ఆక్టా, ఆఖరున చాలా దూరంలో అసలు రింగ్.

మీరు ఎవరు?

*పెండ్లిళ్లలో ట్రెడిషనల్ తీసేవాళ్లు.* మీకు రింగ్ వద్దు. అక్షింతలు వేసే వరుసలో ఎనిమిది మందిని రెండు వరుసలుగా నిలబెడతారు. ముందు వరుస 2 మీటర్లలో, వెనక వరుస 3 మీటర్లలో ఉంటే వెనకవాళ్లకు ముందువాళ్లకు పడే వెలుగులో సగం కూడా అందదు. వెనకున్న పెద్దనాన్న నల్లగా వచ్చాడని ఆల్బమ్ ఇచ్చేరోజు పంచాయితీ మీకే. కొంచెం దూరం నుంచి, ఎత్తు నుంచి రెండు అంబ్రెల్లాలు పెట్టుకోండి.

*క్యాండిడ్, ప్రీవెడ్డింగ్ వాళ్లు.* మొదట ఒక ఏడీ200 స్థాయి ఫ్లాష్, ఆక్టా. లక్నవరం, పాకాల లాంటి చోట్ల ఎండతో పోటీ పడేది అదే. సీజన్ తిరిగాక డబ్బులు మిగిలితే అదే ఫ్లాష్‌కు రింగ్ తల. ఈ వరుసలో కొంటే పాతది మూల పడదు.

*మేకప్ ఆర్టిస్టులు, పార్లర్ల వాళ్లు.* 18 అంగుళాల ఎల్‌ఈడీ రింగ్ చాలు, అంతకుమించి ఖర్చు పెట్టొద్దు. ఒక్క మాట. రింగ్ కింద వేసిన మేకప్ అంతా నున్నగానే కనిపిస్తుంది, బయటి ఎండలో అతుకులు బయటపడతాయి. పెండ్లిపిల్లను ఒకసారి వాకిట్లోకి తీసుకొచ్చి చూడండి.

*పాస్‌పోర్ట్ ఫోటోల స్టూడియో వాళ్లు.* చిన్న గదిలో తెల్లగోడకు దగ్గరగా కూర్చోబెట్టాలి కాబట్టి రింగ్ పెడితే తల చుట్టూ నీడ పట్టీ ఖాయం, అద్దాల్లో సున్నాలు ఖాయం. రెండు పక్కలా రెండు అంబ్రెల్లాలు.

*మోడలింగ్ పోర్ట్‌ఫోలియోలు, నగలు-చీరెల దుకాణాలకు తీసేవాళ్లు.* అసలు రింగ్ మీ కోసమే ఉంది. అద్దె దొరికితే మొదటి రెండు పనులకు అద్దెకే తెచ్చుకోండి.

*ఇంకా తేల్చుకోలేనివాళ్లు.* ఒకరోజుకు అడాప్టర్ గానీ రింగ్ గానీ అద్దెకు తెచ్చి ఇంట్లోనే అమ్మనో, నాయినమ్మనో నిలబెట్టండి. గోడకు ఒక అడుగులో ఒకటి, ఆరడుగుల్లో ఒకటి, పట్టుచీరె కట్టించి ఒకటి, కళ్లద్దాలతో ఒకటి. తర్వాత అదే మనిషిని కిటికీ దగ్గర ఒకటి. ఐదూ 8×12 సైజు ప్రింట్ వేయించి, ఏది ఏ లైటో చెప్పకుండా ఇంట్లోవాళ్ల ముందు పరచండి. మా ఇంట్లో ఈ పరీక్ష పెడితే నాయినమ్మ కిటికీ ఫోటో తీసి పక్కన పెట్టుకుంది, మా చెల్లె రింగ్ ఫోటో పట్టుకొని పోయింది. నేను రెండూ కొనుక్కున్నాను, కాకపోతే నాలుగేండ్ల తేడాతో, ముందు ఆక్టా.